అర్థం తెలిసినా వాక్యం కుదరని చోట

ఇంగ్లీషు నిఘంటువులో ఏ పదాన్ని తీసుకున్నా దాని కింద సాధారణంగా రెండు రకాల సమాచారం ఉంటుంది: ఆ పదం దేన్ని సూచిస్తుందో చెప్పే నిర్వచనం ఒకటి, దాన్ని జనం ఎలా వాడతారో చూపే ఉదాహరణ వాక్యం మరొకటి. పదసంపద పెంచుకోవాలనుకునే చాలామంది మొదటిదాన్ని నోటుపుస్తకంలోకి ఎక్కించుకుని, రెండోదాన్ని అలంకారప్రాయంగా భావించి వదిలేస్తారు. పోటీ పరీక్షల కోసం అచ్చయ్యే పదాల జాబితాలు సైతం ఎడమ పక్క పదం, కుడి పక్క అర్థం అన్న పద్ధతిలోనే ఉండటంతో ఈ అలవాటు మరింత గట్టిపడింది. అయితే నిఘంటు నిర్మాణ చరిత్రను, పదాలు నేర్చుకునే తీరుపై గత కొన్ని దశాబ్దాల్లో జరిగిన పరిశోధనలను పక్కపక్కన పెట్టి చూస్తే, నిర్వచనం చేయలేని పనిని ఉదాహరణ, ఉదాహరణ చేయలేని పనిని నిర్వచనం చేస్తున్నాయనీ, ఏ ఒక్కదాన్ని వదిలినా పదం సగమే చేతికి వస్తుందనీ తెలుస్తుంది.

నిర్వచనాన్ని మాత్రమే నమ్ముకున్నప్పుడు తలెత్తే చిక్కును అన్నిటికన్నా స్పష్టంగా చూపిన పరిశీలన అమెరికాలో జరిగింది. మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్, సహ పరిశోధకురాలు పట్రీషియా గిల్డియా 1987లో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో, బడిపిల్లలకు తెలియని పదాల నిఘంటు నిర్వచనాలు చూపించి, ఆ పదాలతో వాక్యాలు రాయమన్నప్పుడు ఏమైందో వివరించారు. ‘ఇరోడ్’ అనే క్రియకు నిఘంటువు ‘ఈట్ అవుట్’ అని అర్థం ఇచ్చింది. ప్రవాహం గట్టును కోసివేయడం, ఆమ్లం లోహాన్ని తినివేయడం వంటివి ఆ అర్థం ఇచ్చినవారి ఉద్దేశం. వాడుక ఇంగ్లీషులో ‘ఈట్ అవుట్’ అంటే ఇంట్లో కాకుండా హోటల్లో భోంచేయడం కాబట్టి, ఒక విద్యార్థి వాక్యంలో కుటుంబం మొత్తం తరచుగా ‘ఇరోడ్’ అయింది. ‘స్టిమ్యులేట్’ అనే క్రియ కింద ‘స్టర్ అప్’ అన్న మాట కనబడగానే, ఇంకొక వాక్యంలో ఒకావిడ గరిటెతో కలిపినంత తేలిగ్గా సూపును ‘స్టిమ్యులేట్’ చేసింది. ఈ వాక్యాలు నవ్వు తెప్పించినా వాటి వెనుక తప్పుపట్టలేని తర్కం ఉంది: పిల్లలు నిర్వచనంలో తమకు తెలిసిన ముక్క ఒకటి ఏరుకుని, దానితో మనసులో వాక్యం కట్టుకుని, ఆ ముక్కను తీసేసి కొత్త పదాన్ని అక్కడ పెట్టారు. సమానార్థకం అన్న మాటను అక్షరాలా నమ్మిన ఎవరైనా చేసేది అదే.

తెలుగు అర్థాన్ని పట్టుకుని నేర్చుకునేవారు కూడా ఇదే దారిలో నడుస్తారు. ‘ఇరోడ్’ అంటే క్షీణించడం అని రాసుకున్న విద్యార్థి, నదీ తీరం కోతకు గురవడం దగ్గర, ప్రజల నమ్మకం సన్నగిల్లడం దగ్గర ఆ పదాన్ని సరిగ్గానే వాడగలిగినా, పెద్దాయన ఆరోగ్యం క్షీణించిందని చెప్పవలసి వచ్చినప్పుడు కూడా దాన్నే వాడి తడబడతాడు; అక్కడ ‘డిటీరియొరేట్’ అనడం ఇంగ్లీషులో పరిపాటి. తెలుగు క్రియ ఒక్కటే, ఇంగ్లీషులో దాని పనిని రెండు మూడు క్రియలు పంచుకుంటాయి, ఆ పంపకం ఎలా జరిగిందో నిర్వచనం చెప్పదు.

దీన్ని నిర్వచనం లోపం అనడం కన్నా దాని స్వభావం అనడం సబబు. భారతీయ తర్కశాస్త్రంలో నిర్వచనానికి దగ్గరగా ఉండే భావన ‘లక్షణం’. ఒక వస్తువును మిగతా వాటి నుంచి వేరుచేసి చూపే గుర్తు అది. గోవుకు గంగడోలు లక్షణం. కొమ్ములుండటం అని చెబితే గేదె కూడా వచ్చి చేరుతుంది కాబట్టి అతివ్యాప్తి దోషం, కపిల వర్ణం అని చెబితే కొన్ని ఆవులు బయట మిగులుతాయి కాబట్టి అవ్యాప్తి దోషం, ఒంటి గిట్ట అంటే ఏ ఆవుకూ వర్తించదు కాబట్టి అసంభవ దోషం. ఈ మూడు దోషాలూ లేని లక్షణం ఆవును పోల్చుకోవడానికి చక్కగా పనికివస్తుంది గాని, ఆవు అనే మాట ఏయే క్రియలతో కలుస్తుందో, ఆ మాటతో మనిషిని పోలిస్తే మెచ్చుకోలు అవుతుందో కాదో అందులో ఉండదు. వేరుచేసి చూపడం నిర్వచనం పని. వాడుక నేర్పడం దాని బాధ్యతల్లో మొదటినుంచీ లేదు.

పైగా వేరుచేసి చూపే క్రమంలో నిర్వచనం కొన్నిసార్లు పదం కన్నా బరువెక్కుతుంది. 1604లో రాబర్ట్ కాడ్రీ ప్రచురించిన తొలి ఏకభాషా ఇంగ్లీషు నిఘంటువు సుమారు 2,500 కఠిన పదాలకే పరిమితమైంది కాబట్టి, ఒక్కో పదం పక్కన తేలిక మాట ఒకటో రెండో పెడితే సరిపోయింది. నిత్యం వాడే మామూలు పదాలను కూడా నిర్వచించడం మొదలుపెట్టాక అసలు కష్టం బయటపడింది. 1755లో వెలువడిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువు ‘నెట్‌వర్క్’ అనే సాదా పదాన్ని వివరించిన తీరు ఇందుకు పేరుపొందింది: వల అంటే ఏమిటో తెలిసినవారికి కూడా అర్థంకాని లాటిన్ మాటలు మూడు నాలుగు ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి. ఇంగ్లీషు బాగా వచ్చినవారికి ఇది వినోదం. ఆ భాషను కొత్తగా నేర్చుకుంటున్నవారికి మాత్రం ఒక తెలియని పదం కోసం వెళ్తే మరో మూడు తెలియని పదాలు ఎదురవడం.

ఈ చిక్కుముడిని విప్పే పని బెంగాల్‌లో మొదలైంది. భారతీయ విద్యా సర్వీసులో చేరి ఢాకాలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన మైకేల్ వెస్ట్, అక్కడి విద్యార్థులు ఏళ్ల తరబడి చదివినా ఒక సాధారణ ఇంగ్లీషు పుస్తకాన్ని హాయిగా చదవలేకపోవడానికి కారణం వారి పాఠ్యపుస్తకాల్లో అరుదైన పదాలు అడ్డూ అదుపూ లేకుండా రావడమేనని గుర్తించాడు. పాఠాల్లో పదాలను అదుపులో పెట్టిన అదే ఆలోచనను ఆయన నిఘంటువుకు కూడా వర్తింపజేసి, జేమ్స్ ఎండికాట్‌తో కలిసి 1935లో వెలువరించిన ‘న్యూ మెథడ్ ఇంగ్లిష్ డిక్షనరీ’లో సుమారు 24,000 పదాలను, పదబంధాలను కేవలం 1,490 తేలిక పదాలతో నిర్వచించాడు. నిర్వచనాలు రాయడానికి ముందే కట్టడి చేసుకున్న ఇలాంటి పదాల పట్టికను నిర్వచన పదావళి అంటారు. 1978లో లాంగ్‌మన్ సంస్థ తన సమకాలీన ఇంగ్లీషు నిఘంటువును సుమారు 2,000 పదాల పట్టికతో తెచ్చాక ఈ పద్ధతి అభ్యాసకుల నిఘంటువులన్నిటికీ దాదాపు నియమమైంది. ప్రపంచమంతటా ఇంగ్లీషు నేర్చుకుంటున్నవారి చేతుల్లో ఉన్న నిఘంటువుల పునాది రాళ్లలో ఒకటి ఢాకా తరగతి గదుల్లో పడిందన్న సంగతి ఈ దేశంలో చాలామందికి తెలియకపోవడం విచారకరం.

ఉదాహరణ వాక్యం కథ వేరు. జాన్సన్ తన నిఘంటువులో సుమారు 1,14,000 ఉల్లేఖనాలు చేర్చాడు; 1884 నుంచి 1928 వరకు భాగాలుగా వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు తొలి కూర్పులో, వేలాదిమంది పాఠకులు చీటీల మీద రాసి పంపిన వాటి నుంచి ఎంపిక చేసినవి 18 లక్షలకు పైగా ఉన్నాయి. తెలుగులో సూర్యరాయాంధ్ర నిఘంటువు కావ్య ప్రయోగాలను చూపిన తీరు కూడా ఈ కోవలోకే వస్తుంది. అయితే ఇవన్నీ సాక్ష్యాలు: ఫలానా పదం ఫలానా కవి వాడాడు, కాబట్టి అది భాషలో ఉంది, ఫలానా అర్థంలో ఉంది అని నిరూపించడం వాటి ప్రయోజనం. అభ్యాసకుడికి కావలసింది సాక్ష్యం కాదు, తాను రాయబోయే వాక్యానికి అచ్చు.

ఆ అచ్చును అందించినవాడు ఆల్బర్ట్ సిడ్నీ హార్న్‌బీ. జపాన్‌లో ఇంగ్లీషు బోధిస్తూ, అక్కడ హెరాల్డ్ పామర్ నెలకొల్పిన పరిశోధన సంస్థలో పనిచేసిన హార్న్‌బీ, మరో ఇద్దరు సంపాదకులతో కలిసి తయారుచేసిన నిఘంటువు 1942లో, యుద్ధం మధ్యలో, టోక్యోలో అచ్చయింది. దాన్నే 1948లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం పునర్ముద్రించింది, అదే నేడు ‘ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ’గా ఇక్కడి విద్యార్థులకు పరిచయం. ఒక క్రియ తన వెంట ఏమేమి తెచ్చుకుంటుందన్నదాన్ని బట్టి హార్న్‌బీ ఇంగ్లీషు క్రియలను కొన్ని వాక్య నమూనాలుగా వర్గీకరించి, ఒక్కో క్రియ కింద అది ఏ నమూనాలో ఒదుగుతుందో సంఖ్యతో సూచించి, ఆ నమూనా కనబడేలా ఉదాహరణ వాక్యాలు కట్టాడు. చదివి అర్థం చేసుకునేవాడికే గాక, రాయాలనుకునేవాడికి కూడా పనికివచ్చే నిఘంటువు అప్పుడే తయారైంది.

ఈ నమూనాల విలువ తెలుగువారికి రెండు మామూలు క్రియల దగ్గరే తెలిసిపోతుంది. ‘డిస్కస్’ అంటే చర్చించడం. ఆ అర్థంలో ఏ దోషమూ లేదు. తెలుగులో సమస్య గురించి చర్చిస్తారు కాబట్టి, ఆ ‘గురించి’ తనతోపాటు ‘అబౌట్’ను లాక్కొచ్చి ‘డిస్కస్డ్ అబౌట్ ది ప్రాబ్లమ్’ అన్న వాక్యం తయారవుతుంది. ఇంగ్లీషులో ఈ క్రియ నేరుగా కర్మను తీసుకుంటుంది: ‘దే డిస్కస్డ్ ది ప్రాబ్లమ్’. గందరగోళాన్ని పెంచేది ఏమిటంటే, ‘డిస్కషన్’ అనే నామవాచకం పక్కన మాత్రం ‘అబౌట్’ చక్కగా నిలుస్తుంది. అలాగే ‘ఎక్స్‌ప్లెయిన్’ అంటే వివరించడం అని తెలిసినవారు, ‘నాకు పాఠం వివరించాడు’ అన్న తెలుగు వాక్యాన్నీ, ‘గేవ్ మి ఎ బుక్’ అన్న ఇంగ్లీషు వాక్యాన్నీ దృష్టిలో పెట్టుకుని ‘ఎక్స్‌ప్లెయిన్డ్ మి ది లెసన్’ అంటారు. ‘గివ్’కు చెల్లిన నమూనా ‘ఎక్స్‌ప్లెయిన్’కు చెల్లదు, అక్కడ ‘ఎక్స్‌ప్లెయిన్డ్ ది లెసన్ టు మి’ అనాలి. ఈ రెండు చోట్లా అర్థం ఎంత శ్రద్ధగా బట్టీపట్టినా తప్పు జరిగే తీరుతుంది, ఎందుకంటే తప్పు అర్థంలో లేదు, పదం పక్కన ఏముండాలన్న దగ్గర ఉంది. ఒక్క ఉదాహరణ వాక్యం కంఠతా వస్తే వ్యాకరణ సూత్రం అవసరం లేకుండానే ఆ పొరపాటు తప్పుతుంది.

హార్న్‌బీ వాక్యాలు సంపాదకులు బల్ల దగ్గర కూర్చుని కల్పించినవి. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ నాయకత్వాన పనిచేసిన బృందం దీనికి పూర్తిగా భిన్నమైన దారి పట్టి, పుస్తకాలు, పత్రికలు, సంభాషణల నుంచి సేకరించిన విస్తారమైన పాఠాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒక పదం కనబడిన ప్రతి పంక్తినీ వరసగా పేర్చి పరిశీలించింది. అలా విశ్లేషణ కోసం కూర్చిన వాస్తవ భాషా సంచయాన్ని కార్పస్ అంటారు. ఈ పరిశీలన ఆధారంగా 1987లో వెలువడిన ‘కోబిల్డ్’ నిఘంటువు ఉదాహరణలను వాస్తవ వాడుక నుంచే తీసుకోవడమే గాక, నిర్వచనాన్ని కూడా పూర్తి వాక్యంగా మార్చింది. ‘రిలక్టెంట్’ అనే విశేషణానికి ‘ఇష్టంలేని’ అని ముక్తసరిగా చెప్పి ఊరుకోకుండా, ఫలానా పని చేయడానికి ఎవరైనా రిలక్టెంట్‌గా ఉన్నారంటే వారు వెనకాడుతున్నారని అర్థం, అన్న ధోరణిలో వివరించడం దాని పద్ధతి. ఈ పదం మనుషులకు వర్తిస్తుందనీ, దాని తర్వాత ఒక క్రియ వస్తుందనీ నిర్వచనంలోనే తెలిసిపోతుంది.

పంక్తుల వరసలో బయటపడిన విషయాల్లో అత్యంత ఆసక్తికరమైనది పదాల పొరుగుకు సంబంధించినది. ‘కాజ్’ అనే క్రియకు నిఘంటువులు ఒక విషయం జరిగేలా చేయడం అని అర్థం చెబుతాయి, అందులో మంచిచెడుల ప్రసక్తి ఉండదు. కార్పస్‌లో ఆ క్రియ పక్కన చేరిన మాటలను చూస్తే నష్టం, మరణం, ఆందోళన, సమస్య, వ్యాధి వంటివే గుంపుగా కనిపిస్తాయి. ఒక పదం తరచుగా మంచి మాటలతోనో చెడ్డ మాటలతోనో కలవడం వల్ల దానికి పట్టే ఈ రంగును భాషాశాస్త్రవేత్తలు అర్థచ్ఛాయలో ఒక భాగంగా పరిగణిస్తారు. తెలుగులో కృషి విజయానికి కారణమవుతుంది, నిర్లక్ష్యం ప్రమాదానికి కారణమవుతుంది. కారణం అనే మాటకు రెండూ సమ్మతమే. అందువల్ల ‘హార్డ్ వర్క్ కాజ్డ్ హిజ్ సక్సెస్’ అని రాసిన తెలుగు విద్యార్థికి వ్యాకరణం తప్పుపట్టదు, నిర్వచనం తప్పుపట్టదు, కానీ ఇంగ్లీషు చెవికి ఆ విజయం ఏదో జబ్బులా వినిపిస్తుంది. సహజంగా రాసేవారు అక్కడ ‘లెడ్ టు’ అనో ‘బ్రాట్’ అనో వాడతారు. ఇలాంటి సంగతి ఒక ఉదాహరణతో కూడా తేలదు, పది పన్నెండు వాక్యాలు ఒకేచోట చూసినప్పుడు గాని కంటికి ఆనదు.

ఇంతమాత్రాన నిర్వచనాన్ని పక్కన పెట్టి, వాక్యాలు చదివి అర్థం ఊహించుకుంటే చాలన్న వాదాన్ని అంగీకరించలేము. సందర్భం నుంచే పదాలు వాటంతటవే వచ్చేస్తాయన్న నమ్మకం బడుల్లో బలంగా ఉన్నా, 1999లో స్వాన్‌బోర్న్, డి గ్లాపర్ అనే పరిశోధకులు 20 ప్రయోగాల ఫలితాలను కలిపి లెక్కకట్టినప్పుడు, చదువుతూ ఎదురైన తెలియని పదాల్లో విద్యార్థులకు పట్టుబడ్డవి సుమారు 15 శాతమేనని తేలింది. సందర్భాలన్నీ సమానం కాకపోవడం ఇందుకు ఒక కారణం. 1983లో ఇసబెల్ బెక్, మార్గరెట్ మెక్‌కియోన్ బృందం వాటిని నాలుగు రకాలుగా విభజించింది: అర్థాన్ని సూటిగా పట్టిచ్చేవి, స్థూలంగా సూచించేవి, ఏమీ చెప్పనివి, తప్పుదారి పట్టించేవి. ‘ఆయన చాలా ఫ్రూగల్ మనిషి’ అన్న వాక్యంలో ఆ పదం స్థానంలో కోపిష్ఠి, పొడగరి, మంచి అనే మాటల్లో దేన్ని పెట్టినా చెల్లుతుంది కాబట్టి అది ఏమీ చెప్పని సందర్భం. లక్ష రూపాయల జీతం వస్తున్నా ఆయన ఫ్రూగల్‌గా బతుకుతాడనీ, తెగిన చెప్పులు కుట్టించుకుని మరో ఏడాది తొడుగుతాడనీ చెబితే అర్థం చాలావరకు దొరుకుతుంది. అయితే అంత మంచి వాక్యం కూడా ఆ మనిషి పొదుపరా, పిసినారా అన్నది తేల్చదు. ‘ఫ్రూగల్’ స్థానంలో ‘స్టింజీ’ పెట్టినా అదే వాక్యం నిలబడుతుంది. మొదటిది మెచ్చుకోలు, రెండోది తెగడ్త అన్న తేడాను ఖాయం చేయగలిగేది నిర్వచనమే. ఇజ్రాయెల్ పరిశోధకురాలు బాటియా లాఫర్ 1990ల మొదట్లో జరిపిన ప్రయోగాల్లో, పదాన్ని అర్థం చేసుకోవడానికి ఉదాహరణ ఒక్కటే ఇవ్వడం కన్నా నిర్వచనం ఒక్కటే ఇవ్వడం మేలనీ, రెండూ కలిపి ఇచ్చినప్పుడు ఫలితం అన్నిటికన్నా బాగుంటుందనీ వెల్లడైంది.

ఏ పదాలు నేర్చుకోవాలన్న ప్రశ్నకు సమాధానం మాత్రం అంకెల్లో దొరుకుతుంది. ‘డిసైడ్’, ‘డెసిషన్’, ‘డిసైసివ్’ వంటి రూపాలను ఒకే లెక్కలో వేస్తే దాన్ని పద కుటుంబం అంటారు. పుస్తకాన్నో వార్తాపత్రికనో ఇతరుల సాయం లేకుండా చదవాలంటే అందులోని పదాల్లో 98 శాతం, అంటే ప్రతి 50లో 49 తెలిసి ఉండాలనీ, అందుకు 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు కావాలనీ న్యూజిలాండ్ భాషాశాస్త్రవేత్త పాల్ నేషన్ 2006లో అంచనా వేశాడు. అందులో మొదటి 2,000 కుటుంబాలే విద్యాసంబంధ పాఠాల్లో కూడా దాదాపు 80 శాతాన్ని ఆక్రమిస్తాయి. 2000లో ఏవరిల్ కాక్స్‌హెడ్ కూర్చిన 570 కుటుంబాల పట్టిక అలాంటి పాఠాల్లో మరో 10 శాతాన్ని భర్తీ చేస్తుంది. ఈ రెండు మెట్లూ ఎక్కకముందే అరుదైన, గంభీరమైన పదాల వెంటపడటం శ్రమను దుబారా చేయడమే.

గుర్తుంచుకోవడం దగ్గర పరిశోధన చెప్పేది పదాల జాబితాలను పదేపదే చదివేవారికి అంతగా రుచించకపోవచ్చు. జెఫ్రీ కార్పికీ, హెన్రీ రోడిగర్ 2008లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో, విద్యార్థులు 40 స్వాహిలీ పదాలకు ఇంగ్లీషు అర్థాలు నేర్చుకున్నారు. ఒకసారి సరిగ్గా చెప్పిన పదాన్ని కూడా మళ్లీ మళ్లీ పరీక్షించుకున్నవారికి వారం తర్వాత సుమారు 80 శాతం గుర్తుండగా, చెప్పగలిగిన పదాలను పరీక్ష నుంచి తొలగించి మళ్లీ చదవడానికే పరిమితమైనవారికి అందులో సగమైనా నిలవలేదు. జ్ఞాపకాన్ని గట్టిపరిచేది చూడటం కాదు, చూడకుండా తలచుకోవడం.

పర్యాయపదాలను గుంపుగా నేర్చుకునే పద్ధతికి వ్యతిరేకంగా కూడా ఆధారాలున్నాయి. 1990ల్లో టింకమ్, వేరింగ్ వేర్వేరుగా జరిపిన ప్రయోగాల్లో, అర్థంలో దగ్గరి బంధుత్వమున్న పదాలను ఒకేసారి నేర్చుకున్నప్పుడు ఒకదానితో ఒకటి కలగాపులగమై, సంబంధంలేని పదాల కన్నా ఎక్కువ సమయం పట్టింది. అమెరికా ఉన్నత విద్య కోసం తెలుగు రాష్ట్రాల విద్యార్థులు పెద్ద సంఖ్యలో రాసే జీఆర్‌ఈ పరీక్ష 2011 ఆగస్టులో వ్యతిరేక పదాల ప్రశ్నలను, పద సామ్యాల ప్రశ్నలను తొలగించి, ఖాళీలున్న వాక్యాల్లో ఏ పదం ఇముడుతుందో అడిగే ప్రశ్నలకు ప్రాధాన్యం పెంచింది. ప్రశ్నపత్రం వాక్యం వైపు మళ్లినా, శిక్షణ కోసం కొనే పుస్తకాల్లో అకారాది జాబితాలకు గిరాకీ తగ్గకపోవడం వింతే.

ఈ ఫలితాలన్నిటినీ ఒక చిన్న అట్టముక్క మీదికి తెస్తే దాని స్వరూపం ఇలా ఉంటుంది. ముందు వైపు ఖాళీతో ఒక వాక్యం: ‘షి వాజ్ డాష్ టు సెల్ ది ల్యాండ్, బట్ షి నీడెడ్ ది మనీ’. వెనుక వైపు ‘రిలక్టెంట్’ అన్న పదం, తేలిక మాటల్లో దాని నిర్వచనం, ‘మనసొప్పక వెనకాడే’ అన్న తెలుగు అర్థం. తెలుగు అర్థం రాయడం వెనుకబాటుతనమన్న అభిప్రాయం ఇంగ్లీషు మీడియం బడుల్లో ప్రచారంలో ఉన్నా, 1997లో లాఫర్, ష్మూయెలి జరిపిన అధ్యయనంలో మాతృభాషలో అర్థం ఇచ్చిన పదాలే ఎక్కువగా గుర్తున్నాయి. వాక్యంలో ఆ ‘టు’ను అలాగే ఉంచడంతో పదం తన నమూనాతో సహా గుర్తుకొస్తుంది, భూమి అమ్మక తప్పని పరిస్థితి అర్థాన్ని సూటిగా పట్టిస్తుంది. సరిగ్గా చెప్పిన అట్టను ఎక్కువ రోజుల తర్వాత, తప్పిన అట్టను మర్నాడే చూసుకునేలా వేర్వేరు పెట్టెల్లో పెట్టే పద్ధతిని 1972లో సెబాస్టియన్ లైట్నర్ ప్రచారంలోకి తెచ్చాడు. నేటి ఫోన్లలోని అభ్యాస యాప్‌లు కొన్ని ఇదే ఆలోచనకు లెక్కలు జోడించి నడుస్తున్నాయి.

అట్ట మీద నేర్చిన పదం అక్కడితో పూర్తికాదు. స్టువర్ట్ వెబ్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక పదాన్ని 10 వేర్వేరు వాక్యాల్లో కలుసుకున్నవారికి దాని వర్తనలోని అన్ని పార్శ్వాల మీదా పట్టు గణనీయంగా పెరిగినా, పూర్తి పరిజ్ఞానానికి అదీ చాలలేదు. ‘రిలక్టెంట్’ పక్కన ‘హీరో’ చేరితే అది కీర్తి కోరని వీరుడి వర్ణన అవుతుందనీ, ‘విట్నెస్’ చేరితే కోర్టులో నోరు విప్పని సాక్షి అవుతాడనీ అట్టముక్క చెప్పదు, నిఘంటువు చెప్పినా ఒకటి రెండే చెబుతుంది; మిగిలినవి చదివే కథల్లో, చూసే వార్తల్లో ఎదురైనప్పుడు, అప్పటికే సగం పరిచయమున్న పదం కాబట్టి కంట పడతాయి.